పడుగు చాచే వీధి కోసం రాజమండ్రి దాకా

తుని తిరిగొచ్చి ఇవాళ్టికి పది రోజులు. బజారులో ఎదురైన ప్రతివాడూ ఆపి, "రాజమండ్రి చూసొచ్చావటగా, ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపిస్తే నా గొంతు నాకు దక్కుతుంది. నాకు అక్షరాలు నేర్పింది మా ఆవిడే. తప్పులుంటే ఆ బాధ్యత పంతులమ్మది, నాది కాదు.

మేం నేతపనివాళ్లం. మా నాన్న హయాంలో క్రీస్తు మతంలో కలిశాం. మతం మారింది గానీ మగ్గం మారలేదు. మా ఆవిడ రూతమ్మ ఇక్కడి మిషను ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. నేతగాడి పెళ్లాం అంటే కండెలకి దారం చుట్టాలి, నూలు సర్దాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మ చేస్తుంది, కోడలు బడికి పోతుంది. దీని మీద మా వీధివాళ్లు ఎన్నేళ్లు నవ్వాలో అన్నేళ్లూ నవ్వేశారు.

కిందటి పుష్యమాసంలో రాజమండ్రి నుంచి రూతమ్మకి ఉత్తరం వచ్చింది. అక్కడ పంతులమ్మల్ని తయారుచేసే నార్మల్ బడి ఒకటుంది. అందులో పాఠం చెప్పడానికి మనిషి కావాలట. మాఘంలో వచ్చి, పెద్దల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఆవిడది. రూతమ్మ ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, మడిచి, పెట్టెలో పెట్టేసింది. నన్నేమీ అడగలేదు. అడిగుంటే కోప్పడి ఊరుకునేవాణ్ణి. అడక్కపోయేసరికి నాకు గుబులు పట్టుకుంది.

నేతపని తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. బట్ట నేసేది ఇంట్లో మగ్గం మీదే అయినా పని మొదలయ్యేది వీధిలో. నిలువు దారాల్ని పడుగు అంటాం. ఆ పడుగుని వీధి పొడుగునా చాచి, కర్రల మీద ఎత్తి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. దానికి వంకర లేని పొడుగాటి వీధి కావాలి, అటూ ఇటూ నడిచే పదిమంది చేతులు కావాలి. ఇవాళ నా పడుగుకి నువ్వొస్తావు, రేపు నీ పడుగుకి నేనొస్తాను. అలాంటి వీధి లేని ఊళ్లో మగ్గం ఉన్నా లేనట్టే.

"మగ్గం ఎక్కడుంటే నేనూ పిల్లలూ అక్కడ," అని మా అమ్మ తేల్చి చెప్పేసింది. వీధి దొరికితే మగ్గం కదులుతుంది, మగ్గం కదిలితే అమ్మా పిల్లలూ కదులుతారు, వాళ్లు కదిలితేనే రూతమ్మ ఉద్యోగం. పాఠం సంగతి ఆవిడ చూసుకుంటుంది, వీధి వెతకడం నా వంతు. అలా ఒప్పందం చేసుకుని ఇద్దరం బయల్దేరాం. ఆ వీధి దొరకాలని నేను మనస్ఫూర్తిగా కోరుకున్నానంటే అబద్ధమే అవుతుంది.

సామర్లకోట

ఎడ్లబండి మీద రెండు రోజులు. తుని నుంచి వెళ్లేవాడు తమలపాకులు పట్టుకెళ్లకపోతే మర్యాద కాదని పెద్ద కట్ట ఒకటి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. పిఠాపురం దగ్గర బండి ఆపి చెట్టు కింద నడుం వాల్చి లేచేసరికి, ఎడమ ఎద్దు ఆ కట్టలో సగం నమిలేసింది. బండివాడు నవ్వాపుకోలేక, "దానికి సున్నం కూడా పెట్టాల్సిందండి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ రూతమ్మ కూడా నవ్వడంతో ఊరుకున్నాను.

సామర్లకోటలో భీమేశ్వరుడి గుడి బయటినుంచే చూశాం. రాయి మీద రాయి పేర్చి రెండంతస్తుల గుడి కట్టారు. మా దేవుడు వేరైనా ఆ పనివాళ్ల చేతులకి దండం పెట్టాలనిపించింది. పక్కనే పూటకూళ్లమ్మ ఇల్లు. మా సంగతి తెలుసుకుని ఆవిడ అరుగు చివర విస్తళ్లు వేసింది. అది ఇక్కడా మామూలే, నొచ్చుకోవడం ఎప్పుడో మానేశాం. వడ్డన మాత్రం తక్కువ చెయ్యలేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందిపచ్చడి, చేత్తో విరిస్తే విరిగే గడ్డపెరుగు. తలకి అణా. మా వైపు చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి పనికి పోతాం. ఇక్కడ కూలివాళ్లు కూడా వరన్నమే తింటున్నారు. అన్నం మారు అడక్కుండానే వేస్తుంటే భయమేసి చెయ్యి అడ్డం పెట్టాను.

ఊరి బయట రైలుదారి కోసమని జెండాలు పాతి కొలుస్తున్నారు. ఆ రైలు వచ్చే దాకా ఇక్కణ్ణుంచి అందరికీ దారి కాలువే.

లాకులు

మా పడవ సరంగు పేరు నూకయ్య. కాకినాడ వైపు చేపలు పట్టే కుటుంబం, చెయ్యి తిరిగిన మనిషి. పడవ మీద నిలబడి ఆయన కర్రతో తోస్తుంటే, గట్టు మీద ఇద్దరు తాడు భుజాన వేసుకుని లాగుతున్నారు. ఎక్కగానే ఆరాలు మొదలయ్యాయి.

"ఎందాకండి?"

"రాజమండ్రి."

"పనేంటండి?"

"మా ఆవిడ పెద్ద బడిలో పాఠం చెప్పాలి."

నూకయ్య కర్ర ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆయ్. అయితే మీరు పంతులమ్మగారి ఆయనగారన్నమాట!"

తునిలో మా ఇంటిపేరు చెబితే పది ఊళ్ల బేరగాళ్లు గుర్తుపడతారు. ఇక్కడ ఒక్క పూటలో నేను పంతులమ్మగారి ఆయన్నైపోయాను. సగం నమిలిన కట్టలోంచి మంచి ఆకులు ఏరి ఆయనకిచ్చాను. ఆకు బాగుందన్నాడు గానీ పిలుపు మాత్రం మార్చలేదు.

కాలువకి రెండు పక్కలా వరి చేలు, అరటి తోటలు, కొబ్బరి. మాఘంలో మా నేల బీటలు వారి ఉంటుంది. ఇక్కడ అప్పుడే రెండో పంటకి నాట్లు వేస్తున్నారు. ఒక ఇల్లాలు గుమ్మం ముందు దుమ్ము అణగడానికి బిందెడు నీళ్లు అలా విసిరేసింది. నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది. మా వీధిలో అన్ని నీళ్లు పారబోస్తే వారం రోజులు మాటలు పడాలి.

మధ్యాహ్నానికి మొదటి లాకు వచ్చింది. కాలువకి అడ్డంగా కట్టిన పొడుగాటి రాతిగది అది. అటో జత తలుపులు, ఇటో జత తలుపులు. పడవ లోపలికెళ్లగానే వెనక తలుపులు మూసేశారు. చుట్టూ తడి గోడలు, పైన ఆకాశం. నాకు చెమట్లు పట్టాయి. ఎదుటి తలుపుల్లో చిన్న కంతలు తెరిచారు, నీళ్లు బుసబుసమంటూ వచ్చాయి. ఎవరూ ఎత్తకుండా, ఎవరూ తోయకుండా, మాతోనూ బియ్యం బస్తాలతోనూ సహా పడవ మెల్లగా పైకి లేచింది. గోడలు కిందికి దిగిపోయాయి. ఇందాక తల ఎత్తి చూసిన గట్టు ఇప్పుడు నా మోకాళ్ల దగ్గరుంది. నేను పడవ అంచు పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాను.

రూతమ్మ అలా లేదు. "పై నీరూ లోపలి నీరూ సమానమయ్యే దాకా తలుపు తెరుచుకోదా నూకయ్యగారూ?" అని అడిగింది.

"తెరుచుకోదండి. పది ఏనుగుల్ని కట్టి లాగినా రాదండి. సమానమయ్యాక ఒక్క మనిషి తోస్తే చాలండి."

"దిగేటప్పుడో?"

"అప్పుడు లోపలి నీళ్లు కిందికి వదిలేస్తామండి. అంతేనండి."

ద్వారపూడి దాటాక ఇంకో లాకులో కూడా ఆవిడ అడుగుతూనే ఉంది. నేను మాత్రం అరటిపళ్లు తిని పడుకున్నాను. అణాకి ఒక గెల వస్తుంటే తినకపోవడమే తప్పు.

ధవళేశ్వరం

పొద్దున్నే ధవళేశ్వరంలో దిగి, ఆనకట్ట చూద్దామని గట్టెక్కాం. దీని గురించి విని ఉన్నాను. విన్నదానికీ చూసినదానికీ పొంతన లేదు.

గోదావరి మొత్తం ఒక రాతి గోడకి ఆనుకుని ఆగి ఉంది. మధ్యలో లంకలు. వాటి అవతల మళ్లీ గోడ, మళ్లీ నీళ్లు. అవతలి చివర నా కంటికి ఆనలేదు. గోడకి ఇటువైపు నీళ్లు అద్దంలా ఉన్నాయి, పడవలు వాటి మీద ఆడుకుంటున్నట్టున్నాయి. ఇంత నీళ్లూ తలుపులు దాటి కాలువల్లో పడి, నిన్న ఆ ఇల్లాలు విసిరిన బిందె దాకా వెళుతున్నాయన్నమాట. కొండ, గుడి, సముద్రం అన్నీ చూసినవాణ్ణే. ఆ పొద్దున మాత్రం "దేవుడా" అని పైకే అనేశాను.

రూతమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఆ గోడ పొడుగునా చూసింది. తర్వాత, "చేదెడు నీళ్ల కోసం మన బావి దగ్గర మీ అమ్మగారు ఎన్ని తిట్లు తిన్నారండీ," అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. ఈ వైపు ఉండిపోవాలని ఆవిడకి ఎంతగా ఉందో నాకు అప్పుడు తెలిసింది.

రాజమండ్రి, మొదటి రోజు

మిషను వాళ్ల ఆవరణలో మాకో గది ఇచ్చారు. రూతమ్మ పలకా పుస్తకాలూ ముందేసుకుని కూర్చుంది. నేను వీధి వెతకడానికి బయల్దేరాను.

ఊరు ఎత్తుపల్లాలు. ఒక వీధి తిన్నగా మొదలై రేవు వైపు జారిపోతుంది. ఇంకొకటి బాగుందనుకునేలోపు మలుపు తిరిగిపోతుంది. వేరొకటి పొడుగ్గానే ఉంది గానీ పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా బళ్లే. మధ్యాహ్నానికి లోపల్లోపల నాకు హాయిగానే ఉంది. వెతికాను, దొరకలేదు, నా తప్పేముంది?

అంతలో గంజి వాసన వచ్చింది. నేతగాడి ముక్కుకి ఆ వాసన తగిలితే కాళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి. రెండు సందులు దాటి వెళితే వీధి ఒకటి కనబడింది. మా వీధి కంటే పొడుగు, చదునైన నేల, రెండు వరసల ఇళ్లు, లోపల మగ్గాల చప్పుడు. అరుగు మీద వీరన్నగారనే పెద్దాయన నూలు చిక్కు తీసుకుంటున్నారు. నా వేళ్లు చూసే నేనెవరో పోల్చుకున్నారు.

"ఏ ఊరండి?"

"తునండి. ఇక్కడ మగ్గం వేద్దామా అని."

"వెయ్యండి, ఏముంది? ఆ చివరిల్లు ఖాళీగానే ఉందండి."

మతం సంగతి ముందే చెప్పేశాను. తర్వాత తెలిస్తే మాట వస్తుంది. ఆయన చిక్కు తీయడం ఆపకుండానే, "వంట దగ్గర మీ దారి మీదండి, మా దారి మాది. పడుగు దగ్గర అదంతా ఏంటండి? తెల్లారేసరికి పదిమంది నిలబడకపోతే గంజి మీ కోసం ఆగుద్దా, నా కోసం ఆగుద్దా?" అన్నారు. వాళ్లావిడ లోపలినుంచి మజ్జిగ తెచ్చి, గ్లాసు అరుగు మీద పెట్టింది. "మీ ఇంటావిడ కండెలు బాగా చుడతారాండి?" అని అడిగింది.

"మా ఆవిడ పంతులమ్మండి. అమ్మ చుడుతుంది."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా మనవరాలికి నాలుగక్షరాలు చెప్పిద్దురూ," అంది.

సాయంత్రం గదికి వచ్చాను. రూతమ్మ పలక పక్కన పెట్టి, "దొరికిందాండీ?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. ఎందుకన్నానో ఈ పది రోజుల్లో చాలాసార్లు ఆలోచించాను. ఆ వీధిలో నేను కొత్తవాణ్ణి. అందరి పడుగులకీ ముందు నేనే వెళ్లాలి, నా పేరు ఎవరికీ తెలియదు, ఆవిడ పేరు అందరికీ తెలుస్తుంది. నూకయ్య పిలుపు నా చెవిలో ఇంకా ఉంది. ఏ పేరు పెట్టుకున్నా అది పిరికితనమే.

"పోనీలెండి," అంది రూతమ్మ. అంతే. మళ్లీ పలక తీసుకుంది. ఎలాగూ ఉండబోమని తెలిశాక కూడా మర్నాటి పాఠం దిద్దుకుంటూనే ఉంది.

రెండో రోజు

పదేళ్ల కాపురంలో నేను రూతమ్మ పాఠం చెప్పడం చూడలేదు. ఆడపిల్లల బడిలోకి మగవాణ్ణి రానివ్వరు. ఇక్కడ వరండాలో బల్ల వేసి కూర్చోమన్నారు. కిటికీలోంచి అంతా కనబడుతుంది. గదిలో పంతులమ్మలు కాబోయే ఇరవై మంది, ముందు వరసలో చిన్నపిల్లలు, పక్కన కుర్చీల్లో బడి పెద్ద దొరసానిగారూ, తనిఖీకి వచ్చిన ఒక తెలుగాయనా.

రూతమ్మ సంచిలోంచి మడత తీసింది. చూస్తే నేను నేసిన తెల్ల పంచెల చాపు, రెండు పంచెలు కలిసిన ఒకే పొడుగు బట్ట! బడి పెద్దలకి కానుక ఇద్దామని ఇంటినుంచి తెచ్చింది అది. దాన్ని విప్పి, "ఇవి కాలువ నీళ్లు," అంది. ఎనిమిది మంది పిల్లల్ని నలుగురేసి రెండు వరసలుగా నిలబెట్టి, అంచులు పట్టుకుని మోకాళ్ల ఎత్తున బిగించమంది. అటు ఇద్దరు చేతులు కలిపి ఒక తలుపు, ఇటు ఇద్దరు ఇంకో తలుపు. అవతల ఇంకో ఇద్దరు రొమ్ము ఎత్తున పట్టుకున్న దుప్పటి పై కాలువ. మడిచిన కాగితం పడవ బట్ట మీద పెట్టి, "పడవ ధవళేశ్వరం పోవాలి. పైన కాలువ ఇంత ఎత్తున ఉంది. ఎలా ఎక్కుద్ది? ఎవరు చెబుతారు?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. అలా నవ్వుతూ నిలబడింది. చివరికి ఒక బక్కపిల్ల లేచి, "నీళ్లు పోస్తే ఎక్కుద్దండి," అంది.

"పొయ్యండి మరి!"

వెనక తలుపు మూశారు. ఎనిమిది జతల చేతులు మెల్లగా లేచాయి. మోకాలు, నడుము, రొమ్ము. నా బట్ట అలలా ఊగుతూ లేచింది, కాగితం పడవ దాని మీద కదలకుండా లేచింది. సమానమయ్యాక ముందు తలుపు పిల్లలు తమంతట తామే చేతులు విడదీశారు. పడవ పై కాలువలోకి జారింది. గది మొత్తం ఒక్కసారి అరిచింది. తనిఖీ ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. లాకు దగ్గర పుట్టి పెరిగిన పిల్లలు కొందరు అందులో ఉన్నారట. రోజూ చూస్తున్నదే, పడవ ఎందుకు లేస్తుందో ఆవేళే తెలిసిందన్నారు.

నాకు ఆనకట్ట గుర్తొచ్చింది. ఆ నీళ్లని అన్నాళ్లు ఆపిన గోడని చూసి దేవుణ్ణి తలుచుకున్నాను. ఈ మనిషిని ఇన్నేళ్లు నా ఇంట్లో పెట్టుకుని, సాయంత్రం వంట ఆలస్యమైందని విసుక్కున్నాను. నాకు సిగ్గేసింది, గర్వమూ వేసింది.

పిల్లలు వెళ్లాక దొరసానిగారు, తనకొచ్చిన తెలుగులో, "మీరు మాకు కావలెను. ఒకటవ తేదీ నుండి," అన్నారు.

రూతమ్మ చాపు మడత పెడుతూ తలెత్తలేదు. "క్షమించాలండి. మా ఆయన మగ్గానికి ఇక్కడ వీధి దొరకలేదు. ఇల్లు విడగొట్టుకుని నేను రాలేనండి. తునిలోనే చెప్పుకుంటాను," అంది. గొంతు వణకలేదు. ముందే ఏడ్చేసి వచ్చిన గొంతు అది.

నేను వరండాలోంచి లేచి గుమ్మంలోకి వెళ్లాను. అది మర్యాద కాదని తెలుసు. "దొరికిందండి," అన్నాను. "నిన్ననే దొరికింది. మంచి వీధి."

దొరసానిగారికి అర్థమైందో లేదో తెలియదు. ఆవిడా, తనిఖీ ఆయనా కాసేపు బయటికి వెళ్లారు. గదిలో మేమిద్దరం, మడత పెట్టిన బట్ట.

"నిన్న లేదన్నారు."

"అబద్ధం చెప్పాను."

రూతమ్మ నా మొహంలోకి చూసింది. "నేను ఇవాళ పాఠం సరిగ్గా చెప్పకపోతే, ఈ మాట నాకు ఎప్పటికైనా చెప్పేవారా?"

ఇంకో అబద్ధం నాలిక చివర దాకా వచ్చింది. మింగేశాను. "చెప్పేవాణ్ణి కాదు."

"తెలుసు," అంది. చాపు సంచిలో పెట్టుకుని, "దానికి మీ మీద కోపం ఇప్పుడిప్పుడే పోదు. వీధి ఎక్కడో చూపించండి, పదండి," అంది. ముందు నడిచింది. వీధి చూసేదాకా నాతో ఇంకో మాట మాట్లాడలేదు. వీరన్నగారి మనవరాలితో మాత్రం గంట సేపు మాట్లాడింది.

తుని

ఒకటో తేదీ దగ్గర్లోనే ఉందని రూతమ్మ అక్కడే ఉండిపోయింది. నేనొక్కణ్ణే పడవెక్కాను. నూకయ్య, "పంతులమ్మగారేరండి?" అన్నాడు. "ఉద్యోగంలో చేరారండి," అన్నాను. ఆ మాట చెప్పడం ఎంత బాగుందో చెప్పలేను. చైత్రం దాటితే మరమ్మతులకి కాలువ కట్టేస్తారట. అందుకని ఆలోపే మగ్గమూ మనుషులూ వెళ్లిపోవాలి.

అమ్మ గుమ్మంలోనే అడిగింది. "వీధి ఉందా?"

"ఉందమ్మా."

"పదిమంది ఉన్నారా?"

"ఉన్నారు."

జరిగిందంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. నిన్న మగ్గం విప్పాం. కర్రలన్నీ కట్టలు కట్టాక నేలలో గుంట మిగిలింది. నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంట. మా తాత తవ్వాడు, మా నాన్న అందులో కాళ్లు పెట్టుకునే ముసలివాడయ్యాడు. ఖాళీ ఇంట్లో అలా వదిలేస్తే పసిపిల్లలు పడతారు, పూడ్చాలి. నేను పార పట్టుకుని నిలబడ్డాను గానీ చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అమ్మే దొడ్లోకి వెళ్లి తట్ట నిండా మట్టి తెచ్చి గుంటలో పోసింది. ఖాళీ తట్ట నా చేతిలో పెట్టింది.

"ఇంకో తట్ట తేరా. అక్కడ అది ఒక్కత్తే ఉంది."